రెండు వాల్వుల తాబేలు

ఇంటి బల్ల మీద రోబోలు: ధారావాహిక – 4

1951లో లండన్‌లో ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్ జరిగింది. యుద్ధంలో చితికిపోయిన దేశం తన సైన్సునూ పరిశ్రమలనూ కళలనూ జనం ముందు పరిచి, మళ్లీ లేచి నిలబడ్డామని చెప్పుకున్న వేడుక అది. సౌత్ కెన్సింగ్టన్‌లో పెట్టిన సైన్సు ప్రదర్శనలో నేల మీద పాకే మర తాబేళ్లు కూడా ఉన్నాయి. వాటిని ఎవరూ తీగ పట్టి లాగడం లేదు, రేడియోతో నడపడం లేదు. వెలుగు కనబడితే అటు పోతాయి. మరీ దగ్గరయ్యి వెలుగు జిగేలుమంటే పక్కకు తిరుగుతాయి. కుర్చీ కాలు తగిలితే తోస్తాయి, తిరుగుతాయి, మళ్లీ తోస్తాయి, చివరికి ఎలాగో దారి చేసుకుంటాయి. డిప్ప ఎత్తి చూస్తే లోపల ఉన్నవి రెండు చిన్న రేడియో వాల్వులు, రెండు రిలేలు, రెండు మోటార్లు, వెలుగును పసిగట్టే ఒక ఫొటోసెల్, తాకిడిని పసిగట్టే ఒక స్విచ్చి, బ్యాటరీలు. ఆ రోజుల్లో వార్తలూ పాటలూ వినిపించే మామూలు ఇంటి రేడియోలోనే ఇంతకు రెట్టింపు వాల్వులుండేవి.

గత భాగాల్లో క్రిస్టల్ సెట్ల కాలం నుంచి యుద్ధానంతరం అంగళ్లలోకి వచ్చిన మిగులు సామాను దాకా వచ్చాం. అక్కడ కనిపించిన హాబీకి లక్ష్యం ముందే తెలుసు: రేడియో పలకాలి, యాంప్లిఫయర్ గొంతు పెంచాలి. బజారులో దొరికే వస్తువునే ఇంట్లో తక్కువ ఖర్చుతో చేసుకోవడం. తాబేళ్లతో సంగతి మారింది. వాటిని కట్టిన మనిషికి కావలసింది వస్తువు కాదు, ఒక ప్రశ్నకు జవాబు. అందుకే ఈ భాగాన్ని వాటికే కేటాయిస్తున్నాను. చేతికందిన సామానుతో చిన్న యంత్రం కట్టి, దాన్ని నేల మీద వదిలి, అది ఏం చేస్తుందో చూడటం కాలక్షేపం మాత్రమే కాదని, సైన్సుకు ఉన్న పద్ధతుల్లో అదీ ఒకటని నా వాదన. ఆ పద్ధతికి బలం విడిభాగాలు తక్కువగా ఉండటంలోనే ఉంది. దీన్ని కాదనేవాళ్లకు గట్టి కారణాలే ఉన్నాయి. వాటినీ ఒక్కొక్కటిగా చూద్దాం.

కట్టిన మనిషి, కట్టిన కాలం

విలియం గ్రే వాల్టర్ 1910లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో పుట్టి, చిన్నప్పుడే ఇంగ్లండ్ చేరాడు. కేంబ్రిడ్జిలో శరీరధర్మశాస్త్రం చదివాడు. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1929లో మనిషి మెదడు నుంచి వచ్చే విద్యుత్ తరంగాలను నమోదు చేసి ప్రకటించాక, ఆ కొత్త విద్యను ఇంగ్లండ్‌లో నిలబెట్టినవాళ్లలో వాల్టర్ ఒకడు. తల మీద అతికించిన ఎలక్ట్రోడ్ల ద్వారా వచ్చే మందకొడి తరంగాలను బట్టి మెదడులో కణితి ఎక్కడుందో గుర్తించవచ్చని 1936లోనే చూపించాడు. డెల్టా తరంగాలు అని ఈరోజు మెదడు తరంగాలను నమోదు చేసే ప్రతి ఈఈజీ గదిలో వినిపించే పేరు ఆయన పెట్టిందే. 1939 నుంచి బ్రిస్టల్‌లోని బర్డెన్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశాడు. మెదడు నుంచి వచ్చే సంకేతం వోల్టులో లక్షల వంతుల్లో ఉంటుంది. దాన్ని కాగితం మీద గీత గీయించేంత పెద్దది చేయాలంటే మంచి యాంప్లిఫయర్ కావాలి. ఆ రోజుల్లో అలాంటివి దుకాణంలో దొరికేవి కావు, పరిశోధకులే కట్టుకోవాలి. కాబట్టి వాల్టర్ తరానికి సోల్డరింగ్ ఐరన్ స్టెతస్కోపు అంత మామూలు పనిముట్టు.

ఆయన్ని తాబేళ్ల దాకా నడిపించిన ప్రశ్న ఇది: మెదడులో వెయ్యి కోట్ల కణాలున్నాయని అప్పటి అంచనా. జంతువు ప్రవర్తన అంత వైవిధ్యంగా ఉండటానికి కారణం ఆ కణాల సంఖ్యేనా, లేక అవి ఒకదానితో ఒకటి కలుసుకునే తీరా? సంఖ్యే కారణమైతే మెదడును యంత్రంతో అనుకరించాలన్న ఆలోచనే వృథా. కలయికలే కారణమైతే రెండంటే రెండు భాగాలతో కూడా, వాటిని సరిగ్గా కలిపితే, మనం ఊహించనంత ప్రవర్తన కనిపించాలి. కేంబ్రిడ్జి మనస్తత్వ శాస్త్రవేత్త కెనెత్ క్రెయిక్ 1943లో రాసిన పుస్తకంలో, మెదడు బయటి ప్రపంచానికి ఒక నమూనా తయారు చేసుకుని దాంతో ఆలోచిస్తుందని ప్రతిపాదించాడు. యుద్ధకాలంలో గురిచూసుకునే ఆయుధాల మీద పనిచేసిన ఆయన, లక్ష్యాన్ని వెతికే యంత్రాల గురించి వాల్టర్‌తో చర్చించాడు. 1945లో సైకిలు ప్రమాదంలో క్రెయిక్ 31 ఏళ్లకే పోయాడు. 1948లో గణితవేత్త నార్బర్ట్ వీనర్ పుస్తకంతో, జంతువుల్లోనూ యంత్రాల్లోనూ నియంత్రణను ఒకే చూపుతో చూసే సైబర్నెటిక్స్ అన్న మాట అందరి నోళ్లలో పడింది. అదే ఏడాది వాల్టర్ పని మొదలుపెట్టాడు. ఖాళీ సమయంలో, భార్య, సహోద్యోగి అయిన వివియన్ డోవీతో కలిసి, యుద్ధంలో మిగిలిపోయిన ఎలక్ట్రానిక్ సామాను, పాత గడియారాల, గ్యాసు మీటర్ల పళ్లచక్రాలు తెచ్చి కట్టిన మొదటి రెండు తాబేళ్లకు ఎల్మర్, ఎల్సీ అని పేర్లు పెట్టారు.

డిప్ప కింద ఏముంది

తాబేలుకు మూడు చక్రాలు. వెనక రెండూ ఊరికే దొర్లుతాయి. ముందు చక్రమే నడిపేదీ, దారి మళ్లించేదీ. ఒక మోటారు దాన్ని దొర్లిస్తుంది, రెండోది దాన్ని నిలువు ఇరుసు మీద గుండ్రంగా తిప్పుతుంది. ఫొటోసెల్‌ను ఆ ఇరుసుకే బిగించాడు వాల్టర్. ఇందులోనే చాలా తెలివి ఉంది. ముందు చక్రం ఎటు చూస్తే కన్ను అటే చూస్తుంది. చీకట్లో నడిపే మోటారు సగం వేగంతో, తిప్పే మోటారు పూర్తి వేగంతో పనిచేస్తాయి. కన్ను దీపస్తంభంలా చుట్టూ తిరుగుతూ గదిని గాలిస్తుంది, తాబేలు వంకర్లు తిరుగుతూ పాకుతుంది. ఓ మోస్తరు వెలుగు కంటపడగానే యాంప్లిఫయర్ రిలేను లాగుతుంది, తిప్పే మోటారు ఆగిపోతుంది, నడిపే మోటారు పూర్తి వేగం అందుకుంటుంది. ఆ క్షణానికి చక్రం వెలుగు వైపే చూస్తోంది కాబట్టి తాబేలు అటే పోతుంది. దగ్గరికి వెళ్లేకొద్దీ వెలుగు పెరిగి ఒక హద్దు దాటితే రెండో రిలే పడి, తిప్పే మోటారు సగం వేగంతో మళ్లీ మొదలవుతుంది. తాబేలు పక్కకు మళ్లిపోతుంది. వెలుగు ఎక్కడుందో లెక్కగట్టే భాగం ఇందులో ఎక్కడా లేదు. కుడి, ఎడమ అన్న తేడా కూడా దానికి తెలియదు. ఎప్పుడు ఆగాలో మాత్రమే తెలుసు.

తాకిడి సంగతి ఇంకా చక్కనిది. డిప్పను పైనుంచి వేలాడదీశాడు. ఏ వైపు నుంచి ఏం తగిలినా అది కాస్త ఒరిగి ఒక స్విచ్చిని మూస్తుంది. ఆ స్విచ్చి యాంప్లిఫయర్ నుంచి బయటికొచ్చే సంకేతాన్ని తిరిగి దాని లోపలికే పంపుతుంది. అంతవరకు వెలుగును పెద్దది చేసి చూపిస్తున్న అవే రెండు వాల్వులు ఒక్కసారిగా ఊగిసలాడే సర్క్యూటుగా మారతాయి. రిలేలు ఒకదాని తర్వాత ఒకటి పడుతూ లేస్తూ ఉంటే తాబేలు తోస్తుంది, తిరుగుతుంది, మళ్లీ తోస్తుంది. ఈ ఊగిసలాట సాగినంతసేపూ వాల్వులకు వెలుగు పట్టదు, ఎందుకంటే అవి వేరే పనిలో ఉన్నాయి. అంటే దారిలో అడ్డం ఉన్నంతసేపు, ముందు ఎంత ఆకర్షణీయమైన దీపం ఉన్నా తాబేలు దాన్ని లెక్కచేయదు. అడ్డం తొలగాక కూడా ఆ ఊగిసలాట కాసేపు కొనసాగుతుంది, కాబట్టి తాబేలు అడ్డానికి కొంచెం ఎడంగా జరిగాకే మళ్లీ వెలుగు కోసం చూస్తుంది. ఏ పని ముందు, ఏ పని తర్వాత అని నిర్ణయించడానికి వాల్టర్ అదనంగా ఒక్క భాగం కూడా చేర్చలేదు. ఉన్న భాగాలనే మరో రకంగా కలిపాడు. రెండు భాగాలతో రెండు పనులే జరగాలన్న నియమం ఏదీ లేదని ఇక్కడ కళ్లకు కడుతుంది.

వాల్టర్ ముందే ప్లాను వేసి పెట్టింది ప్రధానంగా ఇంతవరకు. ఆ తర్వాత కనిపించినవాటిలో కొన్ని ఆయన పరిశీలించి తెలుసుకున్నవి. తాబేళ్లకు దీపం ఉన్న ఒక గూడు కట్టి, లోపల ఛార్జింగ్ తీగలు అమర్చాడు. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు గూట్లోని దీపం తాబేలుకు జిగేలుమంటుంది, గుమ్మం దాకా వచ్చి తిరిగిపోతుంది. బ్యాటరీ దిగేకొద్దీ యాంప్లిఫయర్ సున్నితత్వం తగ్గుతుంది, అదే దీపం ఇప్పుడు కళ్లు చెదిరేంతగా అనిపించదు, తాబేలు లోపలికి పోతుంది. ఛార్జి ఎక్కుతున్నంతసేపూ మోటార్లు ఆగి ఉంటాయి. నిండాక మళ్లీ వెలుగు భరించలేక బయటికొస్తుంది. చూసేవాళ్లు దాన్ని ఆకలి అంటారు. తిప్పే మోటారు పనిచేస్తోందో లేదో తెలియడానికి ముందువైపు పెట్టిన చిన్న బల్బు మరో వింత చూపించింది. అద్దం ముందు ఉన్న తాబేలుకు తన బల్బే కనిపిస్తుంది. కనిపించగానే తిప్పే మోటారు ఆగి బల్బు ఆరిపోతుంది. ఆరగానే వెలుగు లేదు కాబట్టి మోటారు మళ్లీ మొదలై బల్బు వెలుగుతుంది. ఇలా వెలుగుతూ ఆరుతూ తాబేలు అద్దం ముందు కుప్పిగంతులు వేస్తుంది. రెండు తాబేళ్లు ఎదురుపడినా ఇలాంటిదే జరుగుతుంది. ఒకదాని వెలుగు రెండోదాన్ని లాగుతుంది, లాగినదాని వెలుగు ఆరిపోతుంది. ఒక జంతువు అద్దం ముందు ఇలా ప్రవర్తిస్తే, దానికి ఎంతో కొంత తన గురించిన ఎరుక ఉందని ఒప్పుకునేవాళ్లం కదా అని వాల్టర్ ప్రశ్నించాడు.

నా వాదనకు మూలం ఈ చోటే. యంత్రం పెద్దదైతే, భాగాలు వేలల్లో ఉంటే, వింత ప్రవర్తన కనిపించినప్పుడు ఎక్కడో ఏదో దాగి ఉందని సరిపెట్టుకోవచ్చు. తాబేలు విషయంలో ఆ అవకాశం లేదు. దాచుకోవడానికి చోటే లేదు. రెండు వాల్వుల సర్క్యూటును ఓపిక ఉన్న ఎవరైనా ఒక పూటలో తీగ తీగా చదవవచ్చు. అలా చదివాక కూడా అద్దం ముందు గంతులు అందులో ఎక్కడా కనిపించవు, ఎందుకంటే అద్దం సర్క్యూటులో లేదు. ఆ ప్రవర్తన యంత్రంలో కొంత, గదిలో కొంత ఉంది. జంతువు ఎందుకలా చేస్తోందని అడిగేటప్పుడు మన చూపంతా దాని తల లోపలికే పోతుంది. ఆ ప్రశ్నలో సగం తల బయట ఉందని వాల్టర్ యంత్రం పట్టి చూపించింది. ఈ మాట తత్వవేత్తలు అంతకుముందే చెప్పి ఉండవచ్చు. బల్ల మీద పెట్టి, స్విచ్చి వేసి, కాదనడానికి వీల్లేకుండా చూపించాలంటే మాత్రం కట్టడం ఒక్కటే మార్గం, అదీ వీలైనంత తక్కువతో కట్టడం.

ఇందులో కొత్తేముంది?

మొదటి అభ్యంతరం చరిత్రకారులది. వెలుగు వెంట పోయే యంత్రాన్ని వాల్టర్ కనిపెట్టలేదు. అమెరికాలో జాన్ హేస్ హామండ్ జూనియర్, బెంజమిన్ మీస్నర్ కలిసి 1912లోనే సెలీనియం కళ్లున్న విద్యుత్ కుక్కను తయారు చేశారు. చేతిలో లైటు పట్టుకుని నడిస్తే అది వెనకాలే వచ్చేది. వాల్టర్ సమకాలికుడు, గ్లాస్టర్‌లోని బార్న్‌వుడ్ హౌస్ వైద్యుడు రాస్ యాష్‌బీ 1948 నాటికే వైమానిక దళం వదిలించుకున్న సామానుతో, ఎంత కదిపినా తనంతట తాను సమతూకానికి వచ్చే హోమియోస్టాట్ కట్టాడు. నిజమే. కానీ 1912 కుక్క చేసేది ఒక్క పనే, అది ఏం చేస్తుందో కట్టకముందే తెలుసు. ఆసక్తి అంతా ఆ పని చేయించగలమా అన్నదాని మీదే. తాబేలులో రెండు ఇంద్రియాలు, రెండు మోటార్లు ఒకే సర్క్యూటు కోసం పోటీ పడతాయి. ఆ పోటీలో ఏం జరుగుతుందో చూడటమే ప్రయోగం. యాష్‌బీ యంత్రం ఈ విషయంలో తాబేలుకు దగ్గరి చుట్టం, కాకపోతే అది బల్ల మీదే కూర్చునే యంత్రం, గదిలో తిరిగేది కాదు. అన్నిటికీ మించి వాల్టర్ తన సర్క్యూటును దాచలేదు. 1950 మే నెల సైంటిఫిక్ అమెరికన్‌లో తాబేళ్ల గురించి, 1951 ఆగస్టు సంచికలో వాటికి నేర్చుకునే గుణం కలిపే కోరా సర్క్యూటు గురించి రాశాడు. 1953లో వచ్చిన 'ది లివింగ్ బ్రెయిన్' పుస్తకం చివర సర్క్యూట్లను కూడా అచ్చు వేశాడు. చదివినవాడు కట్టుకోగలిగేలా ప్రకటించడం ఈ పద్ధతిలో విడదీయరాని భాగం. మరొకరు కట్టి చూడలేనిదైతే అది గారడీగానే మిగిలిపోతుంది.

రెండో అభ్యంతరం ఇంకొంచెం పదునైనది. వాల్టర్ పేరున్న పరిశోధకుడు, వెనక ఒక సంస్థ ఉంది. ఆయన పనిని హాబీ ఖాతాలో వేసుకోవడం న్యాయమా? వాల్టర్‌కు మెదడు గురించి తెలియకపోతే ఆ ప్రశ్న పుట్టేది కాదు, ఒప్పుకోవాలి. ప్రశ్న లేకుండా ఊరికే కట్టుకుంటూ పోతే సైన్సు దానంతట అది వచ్చి పడదు. అయితే ఆ సంస్థ ఆయనకిచ్చిన పని తాబేళ్లు కాదు, ఈఈజీ. మొదటి రెండూ ఖాళీ వేళల్లో, పారేసే సామానుతో పుట్టాయి. సంస్థలోని సాంకేతిక నిపుణుడు బన్నీ వారెన్ చక్కగా, గట్టిగా ఆరు తాబేళ్లను తయారు చేసింది 1951లో, అంటే జవాబు దొరికాక. ఫెస్టివల్‌లో జనం చూసినవి వారెన్ కట్టినవే. ఇదే కాలంలో అమెరికాలో బెల్ ల్యాబ్స్ గణితవేత్త క్లాడ్ షానన్ ఏం చేశాడో చూస్తే ఇది యాదృచ్ఛికం కాదని తెలుస్తుంది. సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన ఆ మనిషి భార్య బెట్టీతో కలిసి ఇంట్లో థీసియస్ అనే మర ఎలుకను కట్టాడు. 25 గదుల చిక్కుదారి, కింద టెలిఫోన్ రిలేలు. ఎలుక ఒకసారి తడుముకుంటూ దారి కనుక్కుంటే, రెండోసారి తిన్నగా వెళ్తుంది. సంస్థల్లో పనికి ముందే ప్రయోజనం చూపాలి, ఖర్చుకు కారణం చెప్పాలి. ఇంటి బల్ల మీద అవి అక్కర్లేదు. ఫలితం ఏమిటో ముందుగా చెప్పలేని ప్రశ్నలు అలాంటి చోటే పుట్టగలవు.

మూడో అభ్యంతరాన్ని నేను సగం ఒప్పుకుంటాను. బ్యాటరీ దిగిపోవడాన్ని ఆకలి అనడం, బల్బు వెలిగి ఆరడాన్ని ఆత్మజ్ఞానం దాకా తీసుకుపోవడం అతిశయోక్తి. వాల్టర్‌కు పత్రికలతో, రేడియోతో మంచి చనువుంది, జనాన్ని ఆకట్టుకునే మాట ఆయన వదులుకునేవాడు కాదు. అయితే ఆ అతిశయోక్తికి విరుగుడు కూడా ఆ యంత్రంలోనే ఉంది. తాబేలుకు ఆకలి ఉందని ఎవరైనా అంటే సర్క్యూటు తెరిచి, ఇదిగో యాంప్లిఫయర్ సున్నితత్వం తగ్గింది, అంతే అని చూపించవచ్చు. నిజమైన కుక్క విషయంలో అలా చూపించలేం. కాబట్టి తాబేలు మనకు నేర్పేది ఒక జాగ్రత్త: బయటి నుంచి చూసి లోపల ఇంత ఉండాలి అని మనం వేసే అంచనా ఎప్పుడూ ఎక్కువే అవుతుంది. నాడీశాస్త్రవేత్త వాలెంటీనో బ్రైటెన్‌బర్గ్ 1984లో 'వెహికల్స్' పుస్తకంలో ఈ మాటనే సూత్రంలా నిలబెట్టాడు. రెండు కళ్లు, రెండు మోటార్లు ఉన్న బుల్లి బండ్లను ఊహించి, తీగను తిన్నగా కలిపితే ఒక స్వభావం, అడ్డంగా మార్చి కలిపితే మరో స్వభావం ఎలా కనిపిస్తాయో వరసగా చూపించాడు. కట్టుకుంటూ పోవడం తేలిక, కట్టినదాన్ని బయటి నుంచి చూసి లోపల ఏముందో పసిగట్టడం కష్టం అని ఆయన తేల్చాడు. చిన్న యంత్రాలు కట్టని మనిషికి ఈ తేడా అనుభవంలోకి రాదు.

తాబేలు ఎక్కడికి పోయింది

నాలుగోది అన్నిటికంటే బలమైన అభ్యంతరం. ఇంత చెప్పాక, దాని వల్ల ఏం ఒరిగింది? వాల్టర్ తర్వాత 30 ఏళ్లపాటు యంత్రాల తెలివి గురించిన పరిశోధన పూర్తిగా మరో దారిన పోయింది. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో 1966 నుంచి 1972 దాకా రూపుదిద్దుకున్న షేకీ అనే రోబో చుట్టూ ఉన్న గదికి మనసులో పటం గీసుకుని, ఆలోచించి, ఆ తర్వాత కదిలేది. ఆ ఆలోచన అంతా రేడియో ద్వారా పెద్ద కంప్యూటరులో జరిగేది. 1979లో స్టాన్‌ఫర్డ్‌లో హాన్స్ మొరావెక్ బండి కుర్చీలున్న గదిని ఎవరి సాయమూ లేకుండా దాటింది. మీటరు కదలడం, ఆగి పది పదిహేను నిమిషాలు లెక్కలు కట్టడం, మళ్లీ మీటరు కదలడం. గది దాటడానికి సుమారు ఐదు గంటలు పట్టింది. ఆ పనిలో మొరావెక్‌కు తోడున్న విద్యార్థి పేరు రాడ్నీ బ్రూక్స్.

బ్రూక్స్ ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పెరిగాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడు 'ది లివింగ్ బ్రెయిన్' చదివి, వాల్టర్ వాల్వులతో చేసినదాన్ని ట్రాన్సిస్టర్లతో తిరిగి కట్టి, దానికి నార్మన్ అని పేరు పెట్టుకున్నాడు. నేల మీద తిరుగుతూ, వెలుగుకు స్పందిస్తూ, అడ్డం తగిలితే తప్పుకునే తాబేలు అది. ఆ అనుభవం ఉన్న మనిషి స్టాన్‌ఫర్డ్ బండి మీటరుకు పదిహేను నిమిషాలు తీసుకోవడం చూశాడు. 1986లో ఎంఐటీ నుంచి ఆయన ప్రకటించిన పరిశోధన పత్రం రోబోటిక్స్‌ను మలుపు తిప్పింది. పటం గీయడం, ఆలోచించడం, కదలడం అనే వరసను పక్కన పెట్టి, గుద్దుకోకుండా ఉండటం, తిరగడం, వెతకడం వంటి పనులను పొరలు పొరలుగా పేర్చి, ఒక పొర అవసరమైనప్పుడు మరోదాన్ని అణచిపెట్టేలా కట్టాలని ఆయన చెప్పాడు. అడ్డం తగలగానే వెలుగును పట్టించుకోని తాబేలుకు, ఈ పొరలకు ఉన్న పోలిక చూడగానే తెలుస్తుంది. ఆయన బృందం కట్టిన ఆరుకాళ్ల జెంగిస్ బరువు కిలో దరిదాపు, అది ఎగుడుదిగుళ్ల మీద నడిచింది. బ్రూక్స్ 1990లో మరో ఇద్దరితో కలిసి స్థాపించిన ఐరోబాట్ కంపెనీ 2002లో రూంబాను అమ్మకానికి పెట్టింది. తిరుగుతూ, గుద్దుకుంటే మళ్లుతూ ఇల్లు ఊడ్చే ఆ యంత్రంలో తర్వాతి రకాలు బ్యాటరీ దిగితే గూడు వెతుక్కుని ఛార్జి ఎక్కించుకోవడం కూడా నేర్చుకున్నాయి. తాబేలు ఒక్కటే వీటన్నిటికీ తండ్రి అని నేననను, బ్రూక్స్ ఆలోచనకు కీటకాల మీద జరిగిన పరిశోధన సహా వేరే ఊటలూ ఉన్నాయి. కానీ 30 ఏళ్లు విశ్వవిద్యాలయాలు పక్కనపెట్టిన ఆలోచన ఆరిపోకుండా ఉండటానికి కారణం, అది కట్టుకోగలిగే సర్క్యూటుగా ఒక పుస్తకంలో అచ్చయి, ఆసక్తి ఉన్న ఓ కుర్రవాడికి దొరకడం. హాబీ ఇక్కడ ఒక ఆలోచనను దాచి, తర్వాతి తరానికి అప్పగించింది.

ఈ పద్ధతికి హద్దులు లేవని కాదు. రెండు వాల్వులు దారి గుర్తుపెట్టుకోలేవు, మాట అర్థం చేసుకోలేవు. వాల్టరే కోరాతో నేర్చుకోవడం దాకా వెళ్లాలని ప్రయత్నించి, సర్క్యూటు ఎంత త్వరగా జటిలమవుతుందో చవిచూశాడు. ఇప్పటి రోబోలకు పటాలూ కావాలి, లెక్కలూ కావాలి. చిన్న యంత్రం అన్నిటికీ జవాబు చెప్పదు. ఏ ప్రశ్నకు పెద్ద యంత్రం నిజంగా అవసరమో, ఏ ప్రశ్నకు అక్కర్లేదో తేల్చి చెబుతుంది. ఆ తేడా తెలియడం తక్కువ సంగతేమీ కాదు.

మన బల్లల మీద

తాబేలు వారసులు మనకు దూరంగా ఏమీ లేవు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఏ ఇంజనీరింగ్ కాలేజీ టెక్ ఫెస్ట్‌కు వెళ్లినా లైన్ ఫాలోవర్ కనిపిస్తుంది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దాని సామానంతా దొరుకుతుంది: రెండు పసుపుపచ్చ బీఓ మోటార్లు, ఒక క్యాస్టర్ చక్రం, రెండు ఐఆర్ సెన్సర్లు, ఎల్ఎమ్358 చిప్పు, మోటార్లను నడపడానికి ఎల్293డీ. తెల్ల నేల ఇన్‌ఫ్రారెడ్‌ను తిరగ్గొడుతుంది, నల్ల టేపు మింగేస్తుంది. ఎడమ సెన్సరు నలుపు మీదికి వస్తే ఎడమ మోటారు ఆగుతుంది, బండి ఎడమకు మళ్లి దారిలో పడుతుంది. కుడివైపూ అంతే. మైక్రోకంట్రోలర్ లేకుండానే ఇదంతా నడుస్తుంది. దారి ఎటు వంపు తిరిగిందో ఈ బండికీ తెలియదు, ఎప్పుడు ఏ మోటారు ఆపాలో మాత్రమే తెలుసు. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద, ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లల కోసం బడుల్లో పెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబ్‌లలోనూ ఇలాంటి సెన్సర్లు, మోటార్లు, ఆర్డ్వినో బోర్డులే ఉంటాయి.

చివరి అభ్యంతరం ఇక్కడే ఎదురవుతుంది. పెట్టెలో వచ్చిన భాగాలను బొమ్మ చూసి బిగించడం, దొరికిన కోడ్‌ను ఎక్కించడం, బండి కదలగానే చప్పట్లు కొట్టడం, ఇందులో పరిశోధన ఎక్కడుంది? అంతవరకే ఆగితే లేదు. కానీ లోపం సామానులో లేదు, ఆగిన చోటులో ఉంది. అదే లైన్ ఫాలోవర్‌లో రెండు సెన్సర్ల మధ్య ఎడం పెంచితే ఏమవుతుందని స్విచ్చి వేయకముందే పిల్లల చేత రాయించవచ్చు. ఎడం పెరిగితే బండి తప్పిందని ఆలస్యంగా తెలుసుకుంటుంది, నడక పాములా మెలికలు తిరుగుతుంది. కిటికీ పక్క ఎండ పడే చోట వదిలితే బాగా నడిచే బండి కూడా దారి తప్పుతుంది, ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి. ఏ సర్క్యూటు పటంలోనూ ఆ కిటికీ ఉండదు. వాల్టర్ అద్దం ఏ పాఠం చెప్పిందో ఈ కిటికీ కూడా అదే చెబుతుంది: ప్రవర్తన యంత్రానికీ పరిసరానికీ మధ్య పుడుతుంది. ముందు ఊహించి రాయడం, తర్వాత చూడటం, ఊహ తప్పిన చోట కారణం వెతకడం, ఒక్కో భాగం తీసేస్తూ ఏది పోతే ఏది ఆగుతుందో పరీక్షించడం. ఇవి జోడించడానికి రూపాయి ఖర్చు లేదు, గురువుకు ఓపిక ఉంటే చాలు.

అందుకే బడి ల్యాబుకు ఎన్ని బోర్డులు వచ్చాయి, ఎన్ని రోబోలు పోటీల్లో గెలిచాయి అన్న లెక్క కంటే, పిల్లలు ఎన్ని ఊహలు రాసి, వాటిలో ఎన్నింటిని యంత్రం చేత కాదనిపించుకున్నారన్న లెక్క ముఖ్యమని నమ్ముతాను. కొత్త బోర్డులు శక్తిమంతమైనవి, చవకైనవి. ఆ శక్తే ఒక ఇబ్బంది కూడా తెస్తుంది. భాగాలు పెరిగేకొద్దీ, కోడ్ పొడవయ్యేకొద్దీ, ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు జవాబు లోపలెక్కడో దాక్కుంటుంది. మొదటి యంత్రం రెండు సెన్సర్లు, రెండు మోటార్లతో, కోడ్ లేకుండా కట్టిస్తే పిల్లవాడు దాన్ని పూర్తిగా తెలుసుకుంటాడు. పూర్తిగా తెలిసిన యంత్రం కూడా తనను ఆశ్చర్యపరచగలదని అప్పుడు గ్రహిస్తాడు. ఆ గ్రహింపుతో ఆర్డ్వినో చేతికొస్తే దాని శక్తి నిజంగా పనికొస్తుంది.

వాల్వుల కాలం ముగిసి, ట్రాన్సిస్టరు హాబీయిస్టు బల్ల మీదికి ఎలా వచ్చింది, ఒక్క చిప్పుతో వెలిగి ఆరే బల్బులు ఒక తరాన్ని ఎలా తయారు చేశాయి అన్నది వచ్చే భాగంలో.